మూడు ముక్కలు, రెండు తాళాలు

తెనాలి తిరిగొచ్చి పది రోజులైంది. మా బడి స్టాఫ్‌రూములో అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ప్రొద్దుటూరు దాకా వెళ్ళి బంగారం కొనకుండా ఎలా వచ్చారండీ?" అని. రెండో ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు: "బాంబులేమైనా చూశారా?" బంగారం కొనలేదు, బాంబు చూడలేదు. ముక్కలాడాను. రెండు ఆటలాడి రెండూ గెలిచాను. నోటితో చెబితే ఒక్కరూ నమ్మట్లేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నిజంగా చెప్పుకుంటున్నాను.

నా పేరు కామేశ్వరి, తెలుగు పండితురాలిని. నేను వెళ్ళింది సుగుణ కోసం. గుంటూరు ట్రైనింగు కాలేజీలో మా ఇద్దరిదీ ఒకే గది. వాళ్ళ ముత్తాత మిషన్ దొరల కాలంలో క్రైస్తవం పుచ్చుకున్నాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో తరానికొక టీచరో నర్సో ఉంటూనే ఉన్నారు. సుగుణ జమ్మలమడుగులో కాపురముండి, దగ్గర్లో ఒక పల్లెలో బడి నడుపుతోంది. ఆ పల్లె పేరు రాయనని నా చేత ఒట్టు వేయించుకుంది.

ఆమె ఉత్తరంలో సంగతి ఇది. ఊళ్ళో రెండు వీధులు, పైవీధి, కిందవీధి. వీధికో పార్టీ. ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఓట్లు వేసేది బడిలోనే. కిందవీధివాళ్ళు బడిని ముందే చేజిక్కించుకుంటారేమోనని పైవీధివాళ్ళు ఒక పొద్దున తాళం వేశారు. సాయంత్రానికల్లా కిందవీధివాళ్ళు వచ్చి దాని పక్కనే ఇంకో తాళం వేశారు. నలభై రోజులైంది. తాళం పగలగొడితే తలలు పగులుతాయి గనుక అధికారులు ఆ ఛాయలకు రావడం మానేశారు. సోమవారానికి బడి తెరవకపోతే ఏడో తరగతి పిల్లలు పదకొండు మందినీ పబ్లిక్ పరీక్షకు పంపేది లేదని ఇన్‌స్పెక్టరు కాగితం పంపాడు. "నువ్వొచ్చి ఏం చేస్తావో నాకు తెల్దు. పక్కనుంటే ధైర్యంగా ఉంటాది" అని రాసింది. నేను సెలవు పెట్టాను.

ఎర్రగుంట్ల దాటాక

రైలు దిగి ప్రొద్దుటూరు బస్సెక్కితే అరగంటకే టైరు పేలింది. అదనంగా తెచ్చుకున్న టైరులో కూడా గాలి లేదని అప్పుడు తెలిసింది. మావైపైతే ఈపాటికి ప్రయాణికులందరూ కండక్టరు చుట్టూ మూగి డిపో మేనేజరు దాకా తిట్టేవారు. ఇక్కడ ఎవరూ ఒక్క మాట అనలేదు. రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద తువ్వాలు పరిచారు, ఒకాయన జేబులోంచి పేక తీశాడు, అగ్గిపుల్లలు పంచుకున్నారు, ఆట మొదలైంది. మూడు ముక్కలాట.

ఆ ఆట చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు వేసవి మధ్యాహ్నాల్లో మా అమ్మమ్మ మాకు నేర్పింది అదే. మనిషికి మూడేసి ముక్కలు. మూడూ ఒకటే అయితే అన్నిటికన్నా పెద్ద, ఆ తర్వాత వరస, ఆ తర్వాత జత. ఏదీ లేకపోతే ఎవరి పెద్దముక్క పెద్దదైతే వాళ్ళది. నమ్మకమున్నవాళ్ళు చింతపిక్కలు వేస్తూ పోతారు, లేనివాళ్ళు ముక్కలు కింద పెట్టేస్తారు. నేను ఎప్పుడూ ముక్కలు చూసుకుని, బాగాలేకపోతే పెట్టేసే రకం. "నువ్వు ముక్కలాడవే, ముక్కలకు కాపలా కాస్తావు" అనేది అమ్మమ్మ.

ఇక్కడివాళ్ళ పద్ధతే వేరు. ఎవరూ ముక్కల్ని ముట్టుకోవట్లేదు. బోర్లా పడున్నవాటిని అలాగే ఉంచి అగ్గిపుల్లలు విసురుతున్నారు. చూడలేక అడిగేశాను, ముక్కలు చూసుకోరా అని.

పేక తీసినాయన నవ్వాడు. ప్రొద్దుటూరులో దర్జీ పని చేస్తాడట, అందరూ మస్తాన్ మామా అంటున్నారు. "ఈడ చూస్కోని ఆడేవాణ్ణి పిరికోడంటారక్కా. చూడకుండా ఏసేదే ఆట. చూసినోడు ఒకటికి రెండు ఏయాల. ఇంగోటి, చూసినోడు చూడనోణ్ణి షో అడక్కూడదు."

"అంటే?"

"అంటే నువ్వు ముక్కలు చూసినావు, నేను చూడలే అనుకో. నేను ఏస్తా ఉన్నంతసేపూ నువ్వు రెండింతలు ఏస్తా పోవాల. ల్యాకపోతే కింద పెట్టాల. 'తిప్పి చూపియ్యి' అని నన్ను అడిగే హక్కు నీకు ల్యా. నాకుంటాది."

"ఇదెక్కడి న్యాయం?"

"ధైర్యానికిచ్చే మర్యాదక్కా అది."

మా ఇంట్లో ఈ నియమం ఎందుకు లేదో అప్పుడర్థమైంది. మా ఇంట్లో చూడకుండా ఆడినవాళ్ళే లేరు. టైరు వచ్చేలోపు నన్నూ కూర్చోబెట్టుకుని ఆరు ఆటలు వేశారు. ఆరుసార్లూ ముక్కలు చూసి కింద పెట్టాను. లేస్తుంటే మస్తాన్ మామ తువ్వాలు దులుపుతూ అన్నాడు: "నీ ఆట తప్పు కాదక్కా. ఎప్పుడూ ఒకటే ఆట ఆడతాండావు సూడు, అదే తప్పు. ఎదురోడు ఉరుకుతాంటే నువ్వు కూచో. ఎదురోడు కూచుంటే నువ్వు ఉరుకు." సరేలే దర్జీ సలహా అనుకుని బస్సెక్కాను. ఆయన ఇల్లు తెలిసుంటే తిరుగు ప్రయాణంలో వెళ్ళి దండం పెట్టి వచ్చేదాన్ని.

ప్రొద్దుటూరు

బంగారం బజారు గురించి మీరు విన్నదంతా నిజమే. ఒక కొట్టు ముందు ఎద్దులబండి ఆపి, ఎర్రమట్టి కాళ్ళతో మెట్లెక్కి, వడ్డాణం బరువు చేత్తో తూచి చూస్తున్న రైతమ్మను చూశాను. ఆమె చేతిలోది బాగాలేదని చెప్పే ధైర్యం కొట్టువాడికి లేదు.

సుగుణ బస్టాండుకు వచ్చింది. చిక్కిపోయింది. చేతిసంచిలో కొత్త హాజరుపట్టీ, రెండు డబ్బాల సుద్దముక్కలు ఉన్నాయి. తాళం పడిన బడికి సుద్దముక్కలెందుకే అంటే, "తెరిస్తే ఆ పొద్దు సుద్ద ల్యాకపోతే ఎట్లా?" అంది.

టిఫినుకని ఒక దోసెల బండి దగ్గర నిలబడ్డాం. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి ఇస్తారు. రూపాయిన్నర. మా తెనాలి దోసె దీని ముందు పథ్యం కూడు. మొదటి ముక్కకే కళ్ళు, ముక్కు, చెవులు అన్నీ ఒకేసారి పనిచెయ్యడం మొదలెట్టాయి. టీ కోసం పక్క కొట్టుకు అడుగేస్తే సుగుణ చెయ్యి పట్టి లాగింది. ఆ కొట్టు ఒక పార్టీది, ఎదుటి కొట్టు ఇంకో పార్టీది.

"మరి నువ్వెక్కడ తాగుతావే?"

"సోమ, బుధ, శుక్రవారాలు ఈడ. మంగళ, గురు, శనివారాలు ఆడ."

"ఆదివారం?"

"గుడికి పోతా గదా. ఆడ పాస్టరమ్మ ఇస్తాది."

పద్దెనిమిదేళ్ళు ఆమె అలాగే బతికింది, ఎవరి మనసూ నొప్పించకుండా, ఒక రోజు అటూ ఒక రోజు ఇటూ. దాని ఫలితం రెండు తాళాలు.

జమ్మలమడుగు

పెన్నానది పేరు పుస్తకాల్లో చదివి నీళ్ళుంటాయనుకున్నాను. ఇసుక ఉంది. మనుషులు నది మధ్యలో సైకిళ్ళు తొక్కుకుంటూ పోతున్నారు. సుగుణ ఇంట్లో రాగిసంగటి, వేరుశనగల పచ్చడి పెట్టింది, ఊరిబిండి అంటారట. సంగటి ముద్దను నమలకూడదట, మింగాలట. నేను నమిలాను. ఆ ఇంట్లో ముసలమ్మ దగ్గర్నుంచి పిల్లిదాకా నన్నే చూశారు.

శనివారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాం. పైవీధి పెద్ద ఓబులన్న అక్కడున్నాడు, కాలికి కట్టుతో. పాత మిషన్ ఆసుపత్రి అది, వేపచెట్లు, వెడల్పాటి వరండాలు. వరండా చివర మంచం మీద ఆయన, చుట్టూ తెల్లచొక్కాల మనుషులు ఆరుగురు. ఆయన కాలు బాంబుదాడిలో విరిగిందని ప్రొద్దుటూరు దాకా చెప్పుకుంటున్నారు. కిందవీధివాళ్ళు మేమే వేశాం అని మీసాలు దువ్వుతున్నారట. అసలు సంగతి నర్సమ్మ సుగుణ చెవిలో చెప్పింది. స్నానాల గదిలో సబ్బు మీద కాలేశాడు. బాంబని లోకం అంటుంటే ఆయన కాదనలేదు, అంతే.

ఆయన మంచం మీద పేక, చింతగింజలు. ఆసుపత్రిలో దుడ్లు కనబడితే మంచంతో సహా గేటు బయట పెట్టిస్తానని నర్సమ్మ చెప్పిందట. ఊరు ఊరంతా వణికే మనిషి ఆమె మాటకు మాత్రం గింజలతో ఆడుతున్నాడు. ఆట కాసేపు చూశాను. ఆయన ముక్కలు చూడడు, గింజలు విసురుతాడు. ఎదుటివాళ్ళు తమవి చూసుకుని, బాగున్నా బాగాలేకపోయినా వెంటనే కింద పెట్టేస్తారు. ఒకడి చేతిలో రాజుల జత నా కళ్ళారా చూశాను. పెట్టేశాడు.

"గెల్చినావన్నా, గెల్చినావన్నా అని ఊరికే అంటాండారు. ఏం గెలుపప్పా ఇది, శానా ఇసుగ్గా ఉంది" అని ఓబులన్న ముక్కలు విసిరేశాడు. అప్పుడు సుగుణను చూశాడు. "టీచరమ్మా, తాళం మాట అయితే ఆ పక్క నుంచే పో. ముందు వాళ్ళను తియ్యమను. వాళ్ళు తీస్తే నేను తీస్తా."

సుగుణ వెనక్కి తిరిగింది. ఎన్నోసారో అలా తిరగడం. నాకు చెడ్డ కోపమొచ్చింది. కోపంలో నా నోటికి బుద్ధి ఉండదు.

"అన్నా, మీ వాళ్ళెవరూ మీతో నిజంగా ఆడరు. నేను ఆడతాను. గెలిస్తే తాళంచెవి ఇస్తారా?"

తెల్లచొక్కాలన్నీ నా వైపు తిరిగాయి. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "యాడిదమ్మా నువ్వు?"

"తెనాలి."

"కోస్తామ్మ! నువ్వు ఓడిపోతే?"

"సుగుణ ఇంక తాళం మాట ఎత్తదు. బదిలీ రాయించుకుని వెళ్ళిపోతుంది."

సుగుణ నా జబ్బ మీద గిల్లిన గిల్లుడు ఇప్పటికీ నల్లగా ఉంది. కానీ ఓబులన్న దిండు సరిచేసుకుని నవ్వుతున్నాడు. చెరి ముప్ఫై గింజలు. నాలుగింటికి చూడవచ్చినవాళ్ళను పంపే గంట కొడతారు, అప్పటికి ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్ళది గెలుపు.

ఆయన ఉరికే మనిషి. నేను కూర్చున్నాను. ఆయన చూడకుండా వేస్తాడు, నేను చూసి పెట్టేస్తాను. ఆటకొక గింజ పోతుంది. పోతేపోనీ. ఇలా పన్నెండాటలు. "కోస్తామ్మ మళ్ళా పెట్టేసిందన్నా!" అని ఒకడు ప్రతిసారీ అరుస్తున్నాడు. ఓబులన్నకు నవ్వు పోయి చిరాకు మొదలైంది. "ఆడనీకి వచ్చినావా, చూసిపోనీకి వచ్చినావా?" అన్నాడు. నేను మళ్ళీ చూసి పెట్టేశాను. నలభై ఏళ్ళుగా నాకు వచ్చిన విద్య అదొక్కటే.

నాలుగు కావస్తుండగా మూడు ముక్కలు ఎత్తి చూశాను. ఇస్పేటు తొమ్మిది, పది, జాకీ. వరస, అదీ ఒకే రంగు. నా మొహం మీద ఏమీ కనబడకుండా ఉండడానికి ఏడో తరగతి సంధులు మనసులో చెప్పుకున్నాను. ఆయన అలవాటు ప్రకారం చూడకుండా వేశాడు. నేను రెండింతలు వేశాను. తెల్లచొక్కాలు మంచం దగ్గరికి జరిగాయి. ఆయన మళ్ళీ వేశాడు, నేను మళ్ళీ వేశాను. చుట్టూ తనవాళ్ళు చూస్తున్నారు, ముక్కలెత్తి చూస్తే పరువు తక్కువ. పిడికెడు గింజలు పోశాడు. నేను ఉన్నవన్నీ ఊడ్చి మధ్యలో పెట్టాను. "షో" అన్నాడు. తిప్పాడు. రాణి, ఆరు, మూడు.

నేను నావి ఒక్కొక్కటే తిప్పాను. నెమ్మదిగా తిప్పానని ఒప్పుకుంటున్నాను, ఆ సుఖం నేనెందుకు వదులుకోవాలి?

గంట కొట్టారు. ఓబులన్న కుప్ప వైపు చూశాడు, నా వైపు చూశాడు, మంచం కదిలేలా నవ్వాడు. "రెండేండ్ల నుంచి నన్నెవరూ ఓడగొట్టలే. ఎంత బాగుందమ్మే ఓడిపోతే!" దిండు కిందనుంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు, వదల్లేదు. "ఆయమ్మ చెవి కూడా వస్తేనే ఇది తిప్పేది. రాకపోతే ఇది నా చేతికి రావాల. మాట?"

"మాట" అన్నాను.

పులివెందుల

కిందవీధి పెద్ద ఎక్కడ దాక్కున్నాడో పోలీసులకూ తెలియదు. తాళంచెవి ఆయన భార్య వెంకటలక్షుమ్మ దగ్గరుంది. ఆమె పులివెందులలో అన్నగారింట్లో ఉంటోంది. ఆదివారం ఆరాధన ముగియగానే ముద్దనూరు మీదుగా బస్సు పట్టుకున్నాం. బస్సులో సుగుణ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది. నిన్న ఆడిన పేకకు, నాకోసం కూడా తనే దేవుణ్ణి క్షమాపణ అడుగుతోందట.

ఆ ఇంటి తలుపుకు మూడు గడియలు. ముందు కిటికీ రెక్క సందులోంచి ఒక కన్ను కనబడింది. తర్వాత మా సంచులు చూశారు. తర్వాత ఒక్కో గడియా తీశారు. లోపల లక్షుమ్మ గోడకు ఆనుకుని, తలుపు కనబడేలా కూర్చుని ఉంది. సన్నటి మనిషి, యాభై ఉంటాయి. మా ముందే పెట్టిన ఓళిగల్లో తనది తుంచి నోట్లో వేసుకుని, కాసేపాగి, అప్పుడు మమ్మల్ని తినమంది. ఓళిగ అరచెయ్యి వెడల్పున నేతిలో తేలుతోంది. మావైపు బొబ్బట్టు దీనికి చెల్లెలు కూడా కాదు.

ఓబులన్న ఓడిన సంగతి మాకన్నా ముందే ఆమెకు చేరింది. "ఆ చెవి చూపియ్యి" అంది. చూపించాను. చాలాసేపు చూసింది.

"నాతో ఆడతావా?" ఆమే అడిగింది. "మా ఆయన ఊళ్ళో లేనప్పుడల్లా ఈ ముక్కలే నాకు తోడు. ఇరవై ఏండ్లుగా ఆడతాండా. గెలిస్తే నా చెవి తీస్కపో. ఓడితే ఆ చెవి నాది."

రెండు చెవులూ ఒకవైపు చేరితే బడి కిందవీధిది, ఎన్నికలూ వాళ్ళవి. ఓబులన్నకు ఇచ్చిన మాట ఏమవుతుంది? ఆ పల్లెలో సుగుణ బతకగలదా? కాదని లేచి రావచ్చు. అలా వస్తే పదకొండు మంది పిల్లలకు ఏడాది పోయినట్టే. వాళ్ళలో ఆడపిల్లలు నలుగురు, ఏడాది ఆగితే వాళ్ళు మళ్ళీ బడికి రారు. సుగుణ నాకేసి చూసి కళ్ళు మూసుకుంది. తర్వాత తల ఊపింది.

"సరే" అన్నాను.

మళ్ళీ ముప్ఫై గింజలు, నాలుగు గంటల బస్సు వేళే గడువు. సుగుణ గోడవైపు తిరిగి కూర్చుని కీర్తన గొణుక్కుంటోంది.

లక్షుమ్మ ముక్కలెత్తే తీరు చూడాలి. ఒక్కో ముక్క అంచు మాత్రం పైకి లేపి, తల వంచి చూసి, మళ్ళీ పెట్టి, ఇంకోసారి చూసేది. బాగాలేకపోతే పెట్టేసేది. బాగున్నా చాలాసార్లు పెట్టేసేది. నేనూ అంతే. రెండు గంటలు ఇద్దరం ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం పెట్టేస్తూ కూర్చున్నాం. ఒక గింజ అటు వెళ్ళేది, ఒక గింజ ఇటు వచ్చేది. అన్నగారు తొంగిచూసి, "ఇదేం ఆట, ఇద్దరూ దండాలు పెట్టుకుంటాండారు!" అని వెళ్ళిపోయాడు.

నాలుగుకు పావుగంట తక్కువలో కుప్పలు చూశాను. నా దగ్గర ఇరవై ఎనిమిది, ఆమె దగ్గర ముప్ఫై రెండు. ఇలాగే జాగ్రత్తగా కూర్చుంటే నాలుగు గింజల తేడాతో అంతా పోతుంది.

తుమ్మచెట్టు కింద దర్జీ గుర్తొచ్చాడు. ఎదురోడు కూచుంటే నువ్వు ఉరుకు. నేను జన్మలో ఉరకలేదు. బస్సు కదిలితే ఎక్కను, రోడ్డు దాటాలంటే నలుగురు దాటేదాకా ఆగుతాను. ముక్కలు పంచారు. నా చెయ్యి అలవాటుగా వాటి మీదికి వెళ్ళింది. వెనక్కి తీసుకుని, రెండు గింజలు మధ్యలోకి తోశాను.

లక్షుమ్మ తలెత్తింది. "చూడలే నువ్వు."

"చూడలేదు."

ఆమె తనవి చూసుకుంది. రెండోసారి చూసుకుంది. కనుబొమ్మ కదిలింది. మంచి ముక్కలే, నాకు తెలుస్తోంది. నాలుగు గింజలు వేసింది. నేను నాలుగు వేశాను. ఆమె ఎనిమిది వేయాల్సి వచ్చింది, వేసింది. గోడవైపున్న కీర్తన ఆగిపోయింది. నేను నా కుప్పంతా రెండు చేతులతో మధ్యలోకి నెట్టాను. దానికి రెండింతలు ఆమె దగ్గర లేవు. ఉన్నవన్నీ పెడితే సరిపోతుందన్నాను.

"షో" అంది.

"అడక్కూడదక్కా. నేను చూడలేదుగా. నువ్వన్నీ పెడితే అప్పుడు తిప్పుదాం."

ఆమె చెయ్యి తన గింజల మీద ఆగింది. నా ముక్కల వీపుల్ని చూసింది, నా మొహం చూసింది. నా మొహంలో ఏం కనబడుతుంది? నా ముక్కలేమిటో నాకే తెలియదు. ఆవిడ తలుపు వైపు చూసింది, మూడు గడియల వైపు.

లక్షుమ్మ ముక్కలు కింద పెట్టేసింది.

నేను నావి తిప్పబోతే అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు. గెలిచినంక తిప్పకూడదు. పో, బస్సు పోతాది." బొడ్లోంచి తాళంచెవి తీసి ఇచ్చింది. నేను లేస్తుంటే అడిగింది: "నీకి భయం ల్యాదా?"

"చచ్చేంత ఉంది" అన్నాను.

వీధి మలుపు తిరిగేదాకా మర్యాదగా నడిచాం. తిరిగాక నేను, ఇద్దరు పిల్లల తల్లిని, తెలుగు పండితురాలిని, నడిబజార్లో గెంతాను. సుగుణ కూడా గెంతింది. ఆదివారమని గుర్తొచ్చి ఆగి, మళ్ళీ గెంతింది.

సోమవారం

పొద్దున ఎనిమిదికే బడి ముందు ఊరంతా ఉంది, రెండు గుంపులుగా, మధ్యలో ఎడ్లబండి పట్టేంత ఖాళీ వదిలి. పదకొండు మంది పిల్లలూ ఆ ఖాళీలో నిలబడ్డారు. ఓబులన్న ట్రాక్టరు వెనక మంచం మీద కట్టుకాలుతో వచ్చాడు. రెండు చెవులూ నా దగ్గరున్నాయి, తిప్పడమే తరువాయి అనుకుంటున్నారు కదా, నేనూ అలాగే అనుకున్నాను. మా కోస్తావాళ్ళు చేసే పొరపాటు అది. చెవి ఇవ్వడం వేరు, తాళం తియ్యడం వేరు. ఆ తాళం మీద ఆ వీధివాళ్ళ చెయ్యే పడాలి. పరాయి చెయ్యి తిప్పితే పగలగొట్టినట్టే లెక్క. ముందు ఎవరు తీస్తే వాళ్ళు తగ్గినట్టు. గుంపుల్లో ఎవరూ కదల్లేదు.

తొమ్మిదైంది. ఇన్‌స్పెక్టరు పదింటికి వస్తానన్నాడు. సుగుణ సుద్దడబ్బాలు గుండెకు హత్తుకుని నిలబడింది.

అప్పుడు పైవీధి మొదట్లో కలకలం. అటువైపు గుంపు చీలుతోంది. లక్షుమ్మ వస్తోంది. ఒక్కతే. బస్సు దిగి కిందవీధికి చుట్టుదారిన పోవచ్చు. అలా పోకుండా, పదేళ్ళుగా ఆమె ఇంటివాళ్ళెవరూ కాలు పెట్టని పైవీధి నడిమధ్యగా, అటూ ఇటూ చూడకుండా నడిచి వస్తోంది. ఆ వీధిలో మిద్దెల మీద ఉన్న మొగవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయారు.

నేరుగా నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. చెవి ఇచ్చాను.

"నువ్వు పోయినంక నీ ముక్కలు తిప్పి చూసినా" అంది, నాకు మాత్రమే వినబడేలా. "ఎనిమిది, నాలుగు, రెండు."

"నీ దగ్గర?"

"ఆసుల జత."

"మరి... ఆట చెల్లదని చెవి వెనక్కి తీసుకుపోవడానికొచ్చావా?"

ఆమె మొదటిసారి నవ్వింది. "ఇరవై ఏండ్లుగా మంచి ముక్కలు చేతిలో పెట్టుకోని కింద పెట్టేస్తాండా అమ్మణ్ణీ. గడియలేస్కోని కూచున్నా. నిన్న రాత్రంతా అదే ఆలోచన చేసినా. ఈపొద్దు నేను ముక్కలు చూడకుండా వచ్చినా."

మెట్లెక్కి తన తాళం తిప్పింది, అందరికన్నా ముందు. చప్పుడు ఊరంతటికీ వినబడింది. వెనక్కి తిరిగి ట్రాక్టరు వైపు చూసింది. "ఓబులన్నా, నేనైతే ఏసినా. నువ్వు ఏస్తావా, పెట్టేస్తావా?"

ఓబులన్న జన్మలో ఎప్పుడూ పెట్టెయ్యలేదు. ఇద్దరు మనుషుల భుజాలు పట్టుకుని, కట్టుకాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి, నా దగ్గర చెవి లాక్కుని తిప్పాడు.

పదింటికి ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి సుగుణ కొత్త పట్టీలో పేర్లు పిలుస్తోంది. పదకొండు గొంతులు ఒకదాని తర్వాత ఒకటి "హాజరు" అన్నాయి.